మందు సరిగ్గానే రాశాను, పేషెంటు మళ్ళీ ఎందుకు రాలేదు?

మీ ప్రశ్న పూర్తిగా చదివాను డాక్టర్ గారూ. ఎండీ అయ్యాక గుంటూరు కొత్తపేటలో క్లినిక్ పెట్టి ఏడాది దాటిందని, జబ్బు కనిపెట్టడంలో, మందు రాయడంలో లోటు లేదని, అయినా ఒకసారి వచ్చినవాళ్ళలో చాలామంది రెండోసారి పక్క సందులో డాక్టరు దగ్గరికి పోతున్నారని రాశారు. "అసలు వీళ్ళు డాక్టరు నుంచి ఏం ఆశిస్తారు? ఇంజెక్షనా, టానిక్కా, తియ్యటి మాటలా?" అని అడిగారు. ఇంటర్నెట్‌లో ఎవరో ఒక్క స్టార్ ఇచ్చి తిట్టారట, దానికి జవాబు రాయాలా వద్దా అని కూడా అడిగారు. నేను గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, ఇక్కడి ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) ఓపీలో పని నేర్చుకుని, ఈ ఊళ్ళోనే జనరల్ ఫిజీషియన్‌గా స్థిరపడినవాణ్ణి. నాకు తెలిసింది చెబుతాను, కాస్త పొడుగ్గానే.

పేషెంటు మన గదిలోకి వచ్చేటప్పుడు బాధతోపాటు ఒక భయాన్ని కూడా వెంటబెట్టుకుని వస్తాడు. బాధ సంగతి చెబుతాడు. భయం సంగతి చాలామంది చెప్పరు. చెబితే డాక్టరు కసురుకుంటాడేమోనని కొందరు, నోటితో అంటే నిజమైపోతుందేమోనని కొందరు, ఎట్లా చెప్పాలో తెలియక ఇంకొందరు. మనం బాధ విని, పరీక్ష చేసి, మందు రాసి పంపిస్తాం. మందు పనిచేస్తుంది కూడా. కానీ లోపలి భయానికి జవాబు దొరకలేదు కాబట్టి ఆ మనిషి ఇంటికి వెళ్ళి, "ఎందుకైనా మంచిది, ఇంకొకరికి కూడా చూపిద్దాం" అంటాడు. మీ పేషెంట్లు పక్క సందుకు పోవడానికి నాకు తోచే మొదటి కారణం ఇదే.

ఒక సంగతి చెబుతాను. సత్తెనపల్లి వైపు నుంచి ఒక రైతు వచ్చాడు, యాభై దాటిన మనిషి. కూర్చోగానే "గ్యాస్ పట్టేస్తందండి, మంచి మాత్ర రాయండి" అన్నాడు. అడిగితే లక్షణాలన్నీ దానికి సరిపోయేవే. రాత్రి ఆలస్యంగా తిని పడుకుంటే గుండెల్లో మంట, పులితేన్పులు. పొద్దున పొలంలో ఎంత బరువు మోసినా ఏమీ ఉండదు. బీపీ బాగుంది, ఈసీజీ తీయిస్తే అదీ బాగుంది. మాత్ర రాసి ఇచ్చాను. చీటీ తీసుకున్నాడు, లేచాడు, తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "మరి పొలం పనికి పోవచ్చాండి?" అన్నాడు. గ్యాస్ మాత్రకు, పొలం పనికి సంబంధం ఏముంది? వెనక్కి పిలిచి కూర్చోబెట్టి, ఎందుకు అడిగావని అడిగాను. "మా వియ్యంకుడు పోయిన నెల మిరప కల్లంలోనే కూలబడి పోయాడండి. ఆయనకీ ముందు గ్యాసే అన్నారు."

అప్పుడు ఈసీజీ కాగితం ఆయన వైపు తిప్పి పెట్టాను. నీ నొప్పి ఎట్లాంటిదో, గుండె నొప్పి ఎట్లా ఉంటుందో పక్కపక్కన చెప్పాను. నడిచినప్పుడో, బరువు ఎత్తినప్పుడో ఛాతీ మధ్యలో బిగబట్టినట్టు వచ్చి, కూర్చుంటే తగ్గేది వేరు. ఎడమ చేతికో, దవడకో పాకి, చెమటలు పట్టి, కూర్చున్నా తగ్గకపోతే గ్యాస్ మాత్ర మింగి చూద్దామని ఒక్క నిమిషం కూడా ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యి అన్నాను. ఒక్క ఈసీజీ బాగున్నంత మాత్రాన గుండెకు ఏమీ లేదని రాసిచ్చినట్టు కాదని కూడా చెప్పి, షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకోమన్నాను. మొత్తం మూడు నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది. మాత్ర మారలేదు, డోసు మారలేదు. ఆ మాట చెప్పకుండా పంపి ఉంటే ఆయన ఆ సాయంత్రమే ఎవరో గుండె డాక్టరు గుమ్మం ముందు కూర్చుని ఉండేవాడు. తప్పు కూడా కాదు, ఆయన వచ్చిందే దానికి.

ఈ భయాన్ని బయటికి తీయడానికి ఎంబీబీఎస్‌లో ఇప్పుడు పాఠాలున్నాయి. 2019 నుంచి కొత్త సిలబస్‌లో పేషెంటుతో మాట్లాడటం, వైద్య నీతి అన్నీ కలిపి ప్రత్యేకంగా నేర్పుతున్నారు. చాలా మంచి పని. అయితే పుస్తకంలో ఉన్నట్టుగా "మీకు ఏమై ఉంటుందని మీరు అనుకుంటున్నారు?" అని మన వాళ్ళను అడిగి చూడండి. "అది మీరే చెప్పాలి కదండీ" అంటారు. కొందరైతే ఈ డాక్టరుకు ఏమీ తెలిసినట్టు లేదు, నన్నే అడుగుతున్నాడు అనుకుంటారు కూడా. నేను వేరేగా అడుగుతాను. "ఇంట్లో వాళ్ళు ఏమంటున్నారు?" తన భయం చెప్పలేనివాళ్ళు కూడా భార్య భయాన్ని హాయిగా చెబుతారు. "మీ వాళ్ళలో ఎవరికన్నా ఇట్లాంటిది వచ్చిందా?" దీనికి వియ్యంకుడో, తోడికోడలో బయటికి వస్తారు. అన్నిటికంటే నాకు బాగా ఉపయోగపడేది, "ఇది మూడు నెలల నుంచి ఉందంటున్నారు కదా, మరి ఇవాళ ఎందుకు వచ్చారు?" అన్న ప్రశ్న. ఇది మాత్రం కసిరినట్టు వినపడకుండా అడగాలి. జవాబులో కూతురు పెళ్ళి ఉంటుంది, టీవీలో చూసిన ప్రోగ్రామ్ ఉంటుంది, పక్కింట్లో చావు ఉంటుంది. అక్కడినుంచి మీ పని సులువు.

"అంత టైము ఎక్కడుంది సార్" అంటారని తెలుసు. 2017లో బీఎంజే ఓపెన్ పత్రికలో 67 దేశాల లెక్కలు కలిపి ఒక పరిశీలన వచ్చింది. ప్రాథమిక వైద్యంలో ఒక్కో పేషెంటుతో డాక్టరు గడిపే సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22 నిమిషాల పైచిలుకు. మన దేశంలో రెండు నిమిషాల చిల్లర. మన ఓపీల్లో రద్దీ నిజమే, దాన్ని నేను కాదనను. కానీ ఇంకో లెక్క కూడా చూడండి. 1984లో అమెరికాలో చేసిన పరిశీలనలో పేషెంటు మాట మొదలుపెట్టిన 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడుతున్నట్టు తేలింది. అడ్డు పడకుండా వదిలేస్తే ఎంతసేపు మాట్లాడతారు? 2002లో స్విట్జర్లాండ్‌లోని ఒక పెద్దాసుపత్రి ఓపీలో కొలిచారు. సగటున 92 సెకన్లు. నూటికి డెబ్బై ఎనిమిది మంది రెండు నిమిషాల లోపే తమంతట తాము ఆపేశారు. మన వాళ్ళు ఇంకొంచెం ఎక్కువ చెబుతారనుకుందాం, మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలు పెన్ను కింద పెట్టి, కంప్యూటరు వైపు చూడకుండా, పేషెంటు మొహం చూస్తూ వినండి. మొదట్లో చేతులు కట్టేసినట్టుంటుంది, కొన్ని వారాల్లో అలవాటైపోతుంది. పైగా ఆ మూడు నిమిషాల్లో సగం డయాగ్నోసిస్ వాళ్ళే చెప్పేస్తారు.

విన్న తర్వాత ముట్టుకోవాలి. ఇది చిన్న విషయంగా కొట్టిపారేయకండి. ఈ రెండు ఊళ్ళలో, గుంటూరు అయినా విజయవాడ సూర్యారావుపేట అయినా, డాక్టర్ల మీద నేను విన్న ఫిర్యాదుల్లో మొదటిది ఫీజు గురించి కాదు. "చెయ్యి కూడా పట్టుకుని చూడలేదండి, రిపోర్టులు చూసి రాసేశాడు" అనేది. రిపోర్టుల్లో అంతా తెలిసిపోతున్నా సరే, నాడి చూడండి, స్టెత్ పెట్టండి, కడుపు నొప్పి అన్నవాళ్ళను బల్ల మీద పడుకోబెట్టి చేత్తో చూడండి. కాళ్ళు తిమ్మిర్లు అన్న షుగరు పేషెంటు చేత చెప్పులు విప్పించి పాదాలు చూడండి. అరికాల్లో దిగిన ముల్లు, వేళ్ళ మధ్య పుండు వాళ్ళకే తెలియకుండా ఉంటాయి. కళ్ళకు కనిపించేలా, చేతికి తగిలేలా చూసినప్పుడే "బాగా చూశాడు" అనే మాట వస్తుంది. అది వైద్యపరంగానూ సరైన పనే కాబట్టి ఇందులో నటన ఏమీ లేదు.

మీరు విసుక్కున్న ఇంజెక్షన్ సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. "ఒక సూదెయ్యండి, ఒక సెలైన్ పెట్టండి" అనేవాళ్ళను చూసి మనకు చిరాకు వస్తుంది. వాళ్ళ ఊళ్ళో మొదటినుంచీ వైద్యం అంటే అర్ధరాత్రి పిలిచినా సైకిలేసుకుని వచ్చి సూది వేసి పోయే ఆర్ఎంపీనే. సూది అంటే డాక్టరు నా జబ్బును పట్టించుకున్నాడు అని వాళ్ళకు రుజువు. ఆ రుజువు పరీక్ష చేయడంలోనే దొరికితే చాలామంది సూది అడగరు. అడిగినా "గొంతు చూశాను, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, ఇది వైరల్ జ్వరం, సూదితో ముందే తగ్గేది కాదు, నోటితో తాగగలుగుతున్నారు కాబట్టి సెలైన్ కంటే మజ్జిగ, కొబ్బరినీళ్ళు, ఓఆర్ఎస్ నయం" అంటే ఒప్పుకుంటారు. పరీక్ష చేయకుండా "అవసరం లేదు" అన్నారనుకోండి, పక్క సందుకే.

ఇక పథ్యం. మన చదువులో దీనికి చోటు తక్కువ, మన పేషెంట్ల మనసులో దీనికే చోటు ఎక్కువ. మీరు ఎంత గొప్ప మందు రాసినా చివర్లో "ఏం తినమంటారు, ఏం తినొద్దంటారు?" అని అడగని ఇల్లు మన జిల్లాల్లో ఉండదు. చాలామంది కుర్ర డాక్టర్లు "అన్నీ తినొచ్చు" అనేస్తారు, మంచి మాట చెప్పామనుకుంటారు. పేషెంటుకు మాత్రం జవాబు రానట్టే ఉంటుంది. ఇంటికెళ్ళాక ఆ ఖాళీని అత్తగారు, పక్కింటావిడ నింపుతారు. ఆపరేషన్ అయినవాళ్ళకు పప్పు పెడితే కుట్లు చీము పడతాయని పప్పు ఆపేస్తారు, వంకాయ ఆపేస్తారు, గోంగూర ఆపేస్తారు, వేడి చేస్తుందని గుడ్డు ఆపేస్తారు. చివరికి చారన్నం మీద పడుకోబెడతారు. పుండు మానడానికి మాంసకృత్తులు కావలసిన సమయంలో అవే అందకుండా పోతాయి. కాబట్టి అడగకముందే పేరుపేరునా చెప్పండి. "ముద్దపప్పు పెట్టండి, రోజూ గుడ్డు పెట్టండి, పప్పు వల్ల చీము పట్టదు, నాది పూచీ" అని ఇంటి పెద్దావిడను చూసి చెప్పండి. వంట ఆవిడ చేతిలో ఉంటుంది, మీ మాట గెలవాల్సింది అక్కడ.

షుగరు వాళ్ళకు "అన్నం మానెయ్" అంటే కృష్ణా డెల్టాలో పుట్టినవాడు మానడు. మానినట్టు మీకు చెబుతాడు, అంతే. చపాతీకి మారినా నాలుగైదు లాగిస్తే ఫలితం పెద్దగా మారదు. నేను కంచం లెక్క చెబుతాను. సగం కంచం కూరలు, ఆకుకూరలు, పావు పప్పో గుడ్డో చేపో, పావు మాత్రమే అన్నం. పెరుగన్నానికి వేరే అన్నం లేదు, ఆ పావులోనుంచే కొంచెం మిగుల్చుకోవాలి. బీపీ వాళ్ళతో "ఉప్పు తగ్గించండి" అంటే "మేం తక్కువే తింటామండి" అంటారు, కూరలో వేసే ఉప్పును తలుచుకుని. ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడం, ఒడియం, చల్ల మిరపకాయ, మజ్జిగలో ఉప్పు, ఇవన్నీ ఒక్కొక్కటిగా అడిగితే గానీ ఉప్పు ఎక్కడినుంచి వస్తోందో తేలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాములు దాటొద్దంటుంది, అంటే ఒక టీస్పూను, అన్నీ కలిపి. పచ్చడి పూర్తిగా మానమని నేను చెప్పను. మొదటి ముద్దలో కొంచెం వేసుకుని ఆ జాడీ మూత పెట్టెయ్యమంటాను. ఇట్లా చెబితే "మా ఇంట్లో ఏం తింటామో ఈ డాక్టరుకు తెలుసు" అనిపిస్తుంది. ఆ నమ్మకం వచ్చాక మందులు కూడా వేళకు వేసుకుంటారు.

మందుల విషయంలో వాళ్ళు ఆశించేది రెండు సంగతులు. ఎందుకు వేసుకోవాలి, ఎన్నాళ్ళు వేసుకోవాలి. మనం 1-0-1 (పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి) అని రాసి వదిలేస్తాం, మెడికల్ షాపు కుర్రాడు స్ట్రిప్పు మీద పెన్నుతో గీతలు గీసి ఇస్తాడు. పెద్దవాళ్ళు మాత్రల్ని పేరుతో గుర్తుపట్టరు, తెల్ల బిళ్ళ, గులాబీ బిళ్ళ అని రంగుతో గుర్తుపడతారు. షాపులో కంపెనీ మారితే రంగు మారుతుంది. అప్పుడు పాత డబ్బాలోది ఒకటి, కొత్త స్ట్రిప్పులోది ఒకటి కలిపి ఒకే మందు రెండు బిళ్ళలు మింగేవాళ్ళున్నారు. బీపీ పడిపోయి కళ్ళు తిరిగి పడ్డ ముసలమ్మ ఎవరైనా వస్తే మొదట ఇంట్లో ఉన్న మందుల సంచీ మొత్తం తెప్పించి బల్ల మీద బోర్లించి చూడండి. చీటీలో ఒక్కో మందు పక్కన తెలుగులో "బీపీకి, పొద్దున టిఫిన్ తర్వాత", "షుగరుకి, అన్నంతోపాటు" అని రాయండి. చదవగలిగేలా రాయాలని, జనరిక్ పేరు, అంటే కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయాలని మెడికల్ కౌన్సిల్ 2002లో తెచ్చిన మన వృత్తి నియమావళిలో ఎటూ ఉంది. దానికి 2016లో వచ్చిన సవరణ ఇంగ్లీషు క్యాపిటల్ అక్షరాల్లో రాస్తే మంచిదని కూడా చెప్పింది. చెప్పడం అయ్యాక "ఇంటికెళ్ళాక మీ అమ్మాయి అడిగితే ఏం చెబుతారు?" అని వాళ్ళ చేత ఒకసారి చెప్పించండి. మనం చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం దాకా పేషెంట్లు అప్పటికప్పుడే మరిచిపోతారని 2003లో ఒక సమీక్ష వచ్చింది. మా వాళ్ళ చేత చెప్పించి చూస్తే అది అతిశయోక్తి అనిపించదు.

"ఈ షుగరు బిళ్ళలు ఎక్కువకాలం వేసుకుంటే కిడ్నీలు పోతాయంట కదండీ?" ఈ ప్రశ్న మీకూ వస్తూనే ఉంటుంది. "ఎవరు చెప్పారు నీకు?" అని గద్దిస్తే ఆ నోరు మళ్ళీ తెరుచుకోదు, మందు మాత్రం చాటుగా ఆగిపోతుంది. ఈ భయానికి ఒక కారణం ఉంది. షుగరు అదుపు తప్పి ఏళ్ళ తరబడి ఉంటే కిడ్నీ దెబ్బతింటుంది. కిడ్నీ దెబ్బతిన్నాక మనమే మెట్‌ఫార్మిన్ తగ్గిస్తాం, కిడ్నీ వడపోత ఎంత ఉందో చెప్పే జీఎఫ్ఆర్ లెక్క 30 కంటే కిందికి వస్తే ఆపేస్తాం. చుట్టాలు చూసేది ఏంటి? మాత్ర వేసుకున్నాడు, కిడ్నీ పోయింది, డాక్టరే మాత్ర ఆపాడు. అందుకే తప్పు మాత్ర మీద పడుతుంది. ఈ వరుస విడమరిచి చెబితే నూటికి తొంభై మందికి అర్థమవుతుంది. ఇన్సులిన్ కూడా అంతే. ఊళ్ళో ఇన్సులిన్ చివరి దశలో మొదలుపెట్టినవాళ్ళనే వీళ్ళు చూశారు కాబట్టి ఇన్సులిన్ అనగానే "నా పని అయిపోయిందా" అని అర్థం చేసుకుంటారు. ముందు ఆ మాటకు జవాబు చెప్పి, తర్వాత సూది ఎట్లా వేసుకోవాలో నేర్పండి.

పరీక్షల దగ్గర అనుమానం సహజం. కమీషన్ల కథలు అందరికీ తెలుసు. 2002 నియమావళి రిఫరల్ కమీషన్ ఇవ్వడాన్నీ తీసుకోవడాన్నీ స్పష్టంగా నిషేధించింది. మీరు ఆ జోలికి పోరని నాకు నమ్మకమే, కానీ పేషెంటుకు ఎట్లా తెలుస్తుంది? పరీక్ష రాసేముందు అది దేనికో, దాదాపు ఎంత అవుతుందో, రిపోర్టు ఇట్లా వస్తే ఏం చేస్తామో, అట్లా వస్తే ఏం చేస్తామో చెప్పండి. ఎట్లా వచ్చినా మీరు చేసేది ఒకటే అయితే ఆ పరీక్ష రాయకండి. నచ్చిన ల్యాబులో చేయించుకోమని నోరు తెరిచి చెప్పండి. కౌలు రైతు, యార్డులో హమాలీ, ఇంటి పనివాళ్ళు అయితే "ఇవాళ ఈ రెండు చేయిద్దాం, మిగతావి వచ్చే నెల" అనొచ్చు, కొంచెం ఆలస్యమైనా పర్వాలేని జబ్బైతే. ప్రభుత్వ ఆరోగ్య పథకం కిందికి వచ్చే ఆపరేషన్ అయితే ఆ సంగతి మీరే మొదట చెప్పండి. కార్డు ఉండి కూడా అప్పు చేసి డబ్బు కట్టేసినవాళ్ళు ఉంటారు. జీజీహెచ్‌లోనో, మంగళగిరి ఎయిమ్స్‌లోనో అదే వైద్యం దొరుకుతుందంటే ఆ మాట మీ నోటి నుంచే రావాలి. అట్లా పంపిన పేషెంటు తర్వాత జ్వరం వస్తే మీ దగ్గరికే వస్తాడు, ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని.

ఎదురుచూపుల గురించి ఒక్క మాట. మాచర్ల, వినుకొండ వైపు నుంచి మొదటి బస్సుకు వచ్చేవాళ్ళు రక్త పరీక్ష ఉంటుందేమోనని ఏమీ తినకుండా వస్తారు. మీరు పదిన్నరకు వస్తే వాళ్ళ నంబరు పన్నెండుకు వస్తుంది. కొందరు షుగరు మాత్ర మాత్రం మింగి వస్తారు, అది ప్రమాదం. తలుపు తీయగానే "తినకుండా ఎవరెవరు వచ్చారు?" అని మీ స్టాఫ్ చేత అడిగించి, వాళ్ళ రక్తం ముందు తీయించి టిఫినుకు పంపండి. మీరు ఆలస్యమైతే ఎంత ఆలస్యమో చెప్పించండి. ఎదురుచూడటం కంటే ఎంతసేపో తెలియకపోవడమే మనిషిని ఎక్కువ విసిగిస్తుంది.

జ్వరం పేషెంటును "తగ్గకపోతే రండి" అని పంపించకండి. ఏది తగ్గకపోతే, ఎప్పుడు? వానాకాలంలో డెంగీ అనుమానం ఉన్నవాళ్ళకు నేను ఇట్లా చెబుతాను. జ్వరం తగ్గిన రోజే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి, చాలామంది అదే రోజు పనికి పోతారు. కడుపులో ఆగని నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలోంచో ముక్కులోంచో రక్తం, మనిషి మగతగా ఉండటం, మూత్రం తగ్గిపోవడం, ఇందులో ఏది కనిపించినా అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి వెళ్ళాలి. పారాసిటమాల్ తప్ప ఇంకే నొప్పి మాత్రా వేసుకోకూడదు. ఇది చీటీ వెనక తెలుగులో అచ్చు వేయించి పెట్టుకున్నాను. ప్లేట్‌లెట్లు ఎంత అని గంటగంటకు టెన్షన్ పడే కుటుంబానికి చేతిలో ఈ కాగితం ఉంటే సగం ధైర్యం.

కుటుంబం సంగతి మన దగ్గర వేరు. గదిలోకి పేషెంటు ఒక్కరే రారు. భార్యకు నొప్పి అయితే భర్త చెబుతాడు, అత్తకు అయితే కోడలు చెబుతుంది. మీరు ఆడ డాక్టరు కాబట్టి మీ దగ్గరికి వచ్చే ఆడవాళ్ళు, భర్త ముందు చెప్పలేనివి మీకు చెప్పుకోవచ్చన్న ఆశతో వస్తారు. బీపీ చూడాలనో, బల్ల మీద పరీక్ష చేయాలనో చెప్పి రెండు నిమిషాలు ఏకాంతం కల్పించండి. తెల్లబట్ట, మూత్రం ఆపుకోలేకపోవడం, ఇంట్లో కొట్టడం, ఇవన్నీ ఆ రెండు నిమిషాల్లోనే బయటికి వస్తాయి. "నీరసం, బలానికి ఏదైనా రాయండి" అన్న మాట వెనక ఇవి ఉంటాయి.

క్యాన్సర్ లాంటిది తేలినప్పుడు కొడుకు ముందుగా లోపలికొచ్చి "మా నాన్నకు చెప్పకండి సార్, తట్టుకోలేడు" అంటాడు. ప్రేమతోనే అంటాడు. కానీ తెలుసుకునే హక్కు ఆ తండ్రిది. అందుకే నేను బయాప్సీకి పంపేటప్పుడే పేషెంటును అడుగుతాను, "రిపోర్టు ఏది వచ్చినా మీకే చెప్పమంటారా, మీ అబ్బాయితో మాట్లాడమంటారా?" అని. కొందరు "నాకే చెప్పండి, పొలం రాతకోతలు చూసుకోవాలి" అంటారు. కొందరు "వాడితో మాట్లాడండి సార్, నాకొద్దు" అంటారు. ఏది అన్నా అది ఆయన ఇష్టం. ఆ తర్వాత కొడుక్కి చెప్పడం తేలిక.

అడిగినవన్నీ ఇవ్వమని నేను చెప్పడం లేదు. జలుబుకు యాంటీబయాటిక్, మోకాళ్ళ నొప్పికి నెలనెలా స్టెరాయిడ్ సూది, పోయిన వారం తేదీతో సిక్ సర్టిఫికెట్, ఇవి ఇవ్వకూడదు. "ఇవ్వను" అని చెప్పేటప్పుడు గొంతు పెంచాల్సిన పని లేదు. ఇవ్వకపోవడానికి కారణం, దానికి బదులు ఏం చేస్తారో చెప్పండి. "గ్యారంటీగా తగ్గుతుందా?" అని అడిగితే గ్యారంటీ ఇవ్వకండి, "చాలామందికి రెండు వారాల్లో తగ్గుతుంది, మీకు తగ్గకపోతే తర్వాత ఏం చేయాలో నా దగ్గర ఆలోచన ఉంది" అనండి. కొద్దిమంది కోపంతోనే వెళ్ళిపోతారు, వెళ్ళనివ్వండి.

ఇంకొకటి. "విజయవాడలో ఒకసారి చూపించుకుంటామండి", "హైదరాబాద్‌లో మా బావమరిది ఉన్నాడండి" అన్నప్పుడు మొహం మాడ్చుకోకండి. వాళ్ళు అనుమతి అడుగుతున్నారు, అంటే మిమ్మల్ని గౌరవిస్తున్నారు. ఇప్పటిదాకా ఏం చూశారు, ఏ మందులు వాడారు, మీ అనుమానం ఏంటి అని ఒక పేజీ లెటరు రాసి ఇవ్వండి. అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని 2002 నియమావళిలో ఉంది. మీరు అదే రోజు ఇవ్వండి. "వెళ్ళొచ్చాక ఆ కాగితాలు నాకు చూపించండి" అనండి. ఎక్కువమంది తిరిగి వస్తారు, ఎందుకంటే నెలనెలా విజయవాడ వెళ్ళడం ఎవరికీ కుదరదు.

చివరిగా ఆ ఒక్క స్టార్ రివ్యూ. జవాబు రాయండి, కానీ ఆ మనిషి మీ పేషెంటు అని గానీ, ఏ జబ్బుకు వచ్చాడని గానీ, ఫీజు గొడవ పెట్టుకున్నాడని గానీ ఒక్క అక్షరం రాయకండి. తను బయటపెట్టుకున్నా సరే, మనం పెట్టకూడదు. "మీకు కలిగిన ఇబ్బందికి బాధగా ఉంది. దయచేసి క్లినిక్ నంబరుకు ఫోన్ చేయండి, నేనే మాట్లాడతాను" అని రాస్తే చాలు. ఫోన్ చేస్తే నిజంగా మీరే మాట్లాడండి, స్టాఫ్‌కు అప్పజెప్పకండి. తిరిగి రాని పాత పేషెంట్లలో కూడా కొందరికి రోజూ సాయంత్రం ఒకరిద్దరి చొప్పున ఫోన్ చేసి "ఎట్లా ఉంది, తగ్గిందా?" అని కనుక్కోండి. ఎందుకు రాలేదో నాకంటే వాళ్ళే మీకు బాగా చెబుతారు.